బ్రిటన్ తిండి గురించి మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పన్నెండేళ్లుగా ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరంలో ఉంటున్నాను. ఏటా సెప్టెంబర్‌లో చదువుకోడానికి కొత్తగా వచ్చే పిల్లలు, ఇండియా నుంచి ఫోన్ చేసే వాళ్ల అమ్మానాన్నలు ముందు అడిగేది తిండి గురించే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా అన్నీ ఒకచోట రాస్తే నయమనిపించింది. ఇక్కడి తిండి మీద నాకు ఇష్టం ఉంది. దానికి వచ్చిన చెడ్డపేరులో సగం అన్యాయం అనే నమ్మకమూ ఉంది.

ఇక్కడి తిండి అంత ఘోరంగా ఉంటుందా?

శ్రద్ధగా వండినచోట చాలా బాగుంటుంది. నిర్లక్ష్యంగా వండినచోట నోట పెట్టలేం. ఈ రెండింటికీ ఇక్కడ తేడా మరీ ఎక్కువగా కనిపిస్తుంది. మసాలా తక్కువగా ఉండే వంటలో లోపాన్ని దాచడానికి ఏమీ ఉండదు. మన కూరలో ముక్క కాస్త అటూ ఇటూ అయినా అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి, నాలుగు పచ్చిమిరపకాయలు కలిసి ఎలాగో గట్టెక్కిస్తాయి. ఉప్పు, మిరియాలు, వెన్న రాసి ఓవెన్‌లో కాల్చిన కోడికి ఆ వీలు లేదు. కోడి మంచిదై ఉండాలి, కాల్చేవాడికి సమయం తెలిసి ఉండాలి. ఇందులో ఏది లోపించినా పళ్లెంలో తెలిసిపోతుంది.

మరి ఆ చెడ్డపేరు ఎక్కడి నుంచి వచ్చింది?

ముఖ్యంగా రేషన్ నుంచి. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన కొద్ది నెలలకే, 1940 జనవరి 8న, వెన్న, పంచదార, బేకన్ మీద రేషన్ పెట్టారు. తర్వాత మాంసం, టీ, చీజ్, గుడ్లు కూడా ఆ లెక్కలోకే వచ్చాయి. కాలాన్ని బట్టి హెచ్చుతగ్గులు ఉండేవి కానీ ఒక మనిషికి వారానికి వచ్చేది సుమారుగా 55 గ్రాముల వెన్న, 55 గ్రాముల టీ పొడి, ఒక గుడ్డు. యుద్ధం 1945లో ముగిసినా రేషన్ ముగియలేదు. యుద్ధంలో లేని బ్రెడ్ రేషన్ 1946లో మొదలై రెండేళ్లు సాగింది. మాంసం మీద ఆంక్ష తీసేసి మొత్తం వ్యవస్థకి ముగింపు పలికింది 1954 జూలై 4న. అంటే పద్నాలుగేళ్లు.

ఆ పద్నాలుగేళ్లలో ఏం జరిగి ఉంటుందో ఆలోచించండి. 1940లో నాలుగేళ్ల పాప, రేషన్ ఎత్తేసేనాటికి పద్దెనిమిదేళ్ల అమ్మాయి. అమ్మ పక్కన నిలబడి వంట నేర్చుకునే వయసంతా గుడ్డుపొడితో, కొలిచిన వెన్నతో గడిచిపోయింది. ఉన్నదాన్ని సాగదీయడం, మిగిలినదాన్ని ఇంకోపూటకి మార్చడం వచ్చింది కానీ ధారాళంగా వండటం చూసే అవకాశమే రాలేదు. మా పక్కింటి పెద్దావిడ ఆ తరం మనిషి. ఈరోజుకీ వెన్న చుట్టిన కాగితం పారేయదు. మడిచి ఫ్రిజ్‌లో దాచి, కేక్ చేసేటప్పుడు దాంతో గిన్నెకి రుద్దుతుంది. ఆ కాగితం చూసినప్పుడల్లా ఇక్కడి తిండిని వెక్కిరించే మాటలు నాకు చేదుగా అనిపిస్తాయి.

యుద్ధం రోజుల్లో లక్షల మంది అమెరికన్ సైనికులు బ్రిటన్‌లో ఉన్నారు. బయట ఇళ్లలో, హోటళ్లలో వాళ్లు చూసింది ఈ రేషన్ తిండే, ఊరికి తీసుకెళ్లి చెప్పుకున్నదీ దాని గురించే. చీజ్ సంగతి మరీ బాధ. ఊరికో రకంగా చేసే చీజ్‌లను పక్కనపెట్టి, పాలను ఎక్కువగా ఒకే మాదిరి గట్టి చీజ్‌కి మళ్లించారు. దానికి ‘గవర్నమెంట్ చెడ్డార్’ అనే పేరే పడిపోయింది. ఎన్నో ఊళ్లలో చీజ్ చేసే కుటుంబాలు ఆ పని వదిలేశాయి.

యుద్ధానికి ముందు బాగుండేదా?

చాలా వెనక్కి వెళ్తే, అవును. 14వ శతాబ్దం చివర్లో రెండో రిచర్డ్ రాజు దగ్గరి వంటవాళ్లు రాసుకున్న వంటల్లో అల్లం, లవంగాలు, దాల్చినచెక్క, కుంకుమపువ్వు ధారాళంగా కనిపిస్తాయి. ఇంగ్లిష్‌వాళ్లకి మసాలా తెలియదనే మాట చరిత్రకి నిలవదు.

తర్వాత రెండు మార్పులు వచ్చాయి. డబ్బున్న ఇళ్లవాళ్లు ఫ్రెంచ్ వంటవాళ్లను పెట్టుకోవడం గొప్ప అనుకున్నారు. దాంతో సొంత వంట పనివాళ్ల వంటగదికి దిగిపోయింది. రెండోది పరిశ్రమలు. 1851 జనాభా లెక్కల నాటికే దేశంలో సగానికి పైగా జనం పట్టణాల్లో ఉన్నారు. పొలం, ఆవు, పెరడు పోయి ఫ్యాక్టరీ పక్కన ఒక గది మిగిలింది. పన్నెండు గంటలు పనిచేసి వచ్చిన మనిషికి బ్రెడ్డు, తియ్యటి టీ దొరికితే అదే భోజనం. ఫ్రాన్స్, ఇటలీల్లో పల్లెవంట ఇంకా చాలాకాలం నిలబడింది. ఇక్కడ దాని వేళ్లు తొందరగా తెగిపోయాయి. రేషన్ వచ్చేసరికి చెట్టు అప్పటికే బలహీనంగా ఉంది.

ఉప్పూ కారం లేకుండా చప్పగా, పథ్యం కూడులా ఉంటుందంటారు. నిజమేనా?

కారం తక్కువన్నది నిజం. ఘాటు లేదన్నది నిజం కాదు. ఇంగ్లిష్ మస్టర్డ్ ఒక చెంచా తిని చూడండి. అచ్చంగా ఆవపిండి ఘాటు, ముక్కుకెక్కి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. కొత్తావకాయ కలిపిన రోజు జాడీ మూత తీస్తే కొట్టే ఘాటు అది. రోస్ట్ బీఫ్ పక్కన పెట్టే హార్స్‌రాడిష్ అనే దుంప పచ్చడిదీ అదే జాతి ఘాటు. గొర్రెమాంసానికి పుదీనా, వెనిగర్ కలిపిన మింట్ సాస్ ఉంటుంది. పుదీనా పచ్చడి తిన్న నోటికి అది కొత్తగా అనిపించదు.

ఇక్కడ ఒక పద్ధతి గమనించాలి. మన వంటలో రుచి కూరలోనే కలిసి ఉంటుంది. వీళ్ల వంటలో చాలావరకు పక్కన గిన్నెలో ఉంటుంది, కలుపుకోవడం తినేవాళ్ల పని. మనవాళ్లు మొదటిసారి వెళ్లినప్పుడు ఆ గిన్నెల్ని ముట్టుకోకుండా మాంసం ఒక్కటీ తిని, చప్పగా ఉందని లేచివస్తారు. పప్పన్నంలో నెయ్యి, ఆవకాయ లేకుండా తిని తెలుగు భోజనం గురించి తీర్పు చెప్పినట్టే అది.

మొదటిసారి తినాలంటే ఏం తినాలి?

మాంసం తినేవాళ్లయితే ఆదివారం మధ్యాహ్నం మంచి పబ్‌లో (ఇక్కడ పబ్ అంటే మద్యంతో పాటు భోజనం కూడా దొరికే చోటు) సండే రోస్ట్. కాల్చిన కోడి, గొర్రె, పంది, బీఫ్‌లలో ఒకటి ఎంచుకోవచ్చు. పైన కరకరలాడుతూ లోపల మెత్తగా ఉండే బంగాళాదుంపలు, కూరగాయలు, మాంసం రసంతో చేసే గ్రేవీ వస్తాయి. మేముండే యార్క్‌షైర్ పేరు మీదే ఉన్న యార్క్‌షైర్ పుడ్డింగ్ కూడా ఉంటుంది. పేరు చూసి తీపి అనుకోవద్దు. మైదా, గుడ్లు, పాలు కలిపిన జారుపిండిని సలసల కాగే కొవ్వులో పోసి ఓవెన్‌లో పెడితే గిన్నెలా పొంగుతుంది. పాతరోజుల్లో దీన్ని ముందుగా గ్రేవీతో పెట్టేవారు. కడుపు సగం నిండితే ఖరీదైన మాంసం తక్కువతో సరిపోతుందని. పేదింటి తెలివిలో పుట్టిన వంటకాలంటే నాకు ప్రత్యేకమైన గౌరవం.

తర్వాత ఫిష్ అండ్ చిప్స్, అంటే వేయించిన చేప, లావుగా తరిగి వేయించిన బంగాళాదుంప ముక్కలు. వేయించిన చేపని ఈ దేశానికి తెచ్చింది స్పెయిన్, పోర్చుగల్ నుంచి వచ్చిన యూదులు. 1860 ప్రాంతంలో లండన్‌లో, లాంకషైర్‌లో చేపనీ చిప్స్‌నీ కలిపి అమ్మడం మొదలైంది. యుద్ధంలో కూడా దీనికి రేషన్ పెట్టలేదు. ఆర్డర్ ఇచ్చాక వేయించే కొట్టుకే వెళ్లండి. పైన మాల్ట్ వెనిగర్ ధారాళంగా చల్లుకోండి, పులుపు పడితేనే దాని రుచి.

తీపి దగ్గర మాత్రం నేను ఎవరితోనైనా వాదిస్తాను. ఈ దేశం పుడ్డింగులకి సాటి తక్కువ. ఖర్జూరంతో చేసిన వేడి కేకు మీద, నల్ల పంచదారతో కాచిన పాకం పోసే స్టికీ టాఫీ పుడ్డింగ్ బెల్లప్పాకం అలవాటైన మన నోటికి వెంటనే నచ్చుతుంది. రైస్ పుడ్డింగ్ అంటే మన పరమాన్నానికి దూరపు చుట్టం. బియ్యం, పాలు, పంచదార ఓవెన్‌లో గంటలకొద్దీ ఉంచి, యాలకుల బదులు జాజికాయ వేస్తారు. పైన కట్టే మీగడ తెట్టు కోసం పిల్లలు పోట్లాడుకుంటారు. మన ఇళ్లలో ఫ్రూట్ సలాడ్‌కి వాడే కస్టర్డ్ పౌడర్ పుట్టింది కూడా ఇక్కడే. 1837లో బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే కెమిస్టు, గుడ్డు పడని తన భార్య కోసం గుడ్డు లేకుండా తయారుచేశాడు. మన గుడ్డు తినని ఇళ్లలోకి అది అంత సులువుగా రావడానికి కారణం అదే అయ్యుంటుంది.

చీజ్ గురించి ఒక్క మాట. సూపర్ మార్కెట్ ప్లాస్టిక్ ప్యాకెట్‌తో ఆగిపోకండి. గుడ్డ చుట్టి ఏడాదికి పైగా మాగబెట్టిన చెడ్డార్, మా వైపు వెన్‌స్లీడేల్, నీలి చారల స్టిల్టన్ తిని చూడండి. స్టిల్టన్ పేరు పెట్టుకోవాలంటే డార్బీషైర్, లెస్టర్‌షైర్, నాటింగ్‌హామ్‌షైర్‌లలోనే చేయాలి. స్టిల్టన్ అనే ఊరు వేరే జిల్లాలో ఉంది కాబట్టి ఆ ఊళ్లో చేసిన చీజ్‌కి ఆ పేరు పెట్టకూడదు! 1979లో లండన్‌లో మొదలైన నీల్స్ యార్డ్ డెయిరీ లాంటి కొట్లు పల్లెల్లో మిగిలిన చీజ్ తయారీదారుల్ని వెతికి నిలబెట్టాయి. గవర్నమెంట్ చెడ్డార్ నుంచి ఇక్కడిదాకా రావడం చిన్న విషయం కాదు.

రెస్టారెంట్లు ఎప్పుడు బాగుపడ్డాయి?

ఒక్కరోజులో కాదు. 1967లో ఆల్బేర్, మిషెల్ రూ అనే ఫ్రెంచ్ అన్నదమ్ములు లండన్‌లో లె గవ్రోష్ తెరిచారు. 1982లో బ్రిటన్‌లో మూడు మిషెలిన్ స్టార్లు (మిషెలిన్ గైడ్ రెస్టారెంట్లకి ఇచ్చే అన్నిటికన్నా పెద్ద గుర్తింపు) పొందిన మొదటి రెస్టారెంట్ అదే. అక్కడ పనిచేసి నేర్చుకున్న కుర్రాళ్లు తర్వాత దేశం పేరు మార్చారు. మార్కో పియెర్ వైట్, గోర్డన్ రామ్సే ఇద్దరూ ఆ వంటగది నుంచి వచ్చినవాళ్లే. లె గవ్రోష్ 2024 జనవరిలో మూతపడింది.

అయితే నా లెక్కలో అసలు మలుపు అలాంటి ఖరీదైన చోట్ల రాలేదు. 1991లో లండన్ ఫారింగ్‌డన్ రోడ్‌లో ది ఈగిల్ అనే పాత పబ్‌ని ఇద్దరు తీసుకుని, బోర్డు మీద రోజుకో వంట రాసి మంచి భోజనం పెట్టడం మొదలుపెట్టారు. గాస్ట్రోపబ్ అనే మాట దానితోనే వాడుకలోకి వచ్చింది. తెల్లటి టేబుల్ గుడ్డలు, ఫ్రెంచ్ పేర్లు లేకుండా మామూలు మనిషి బాగా తినొచ్చని అది చూపించింది. 1994లో స్మిత్‌ఫీల్డ్ మాంసం మార్కెట్ దగ్గర ఫెర్గస్ హెండర్సన్ సెయింట్ జాన్ అనే రెస్టారెంట్ మొదలుపెట్టాడు. జంతువుని చంపాక ముక్కు నుంచి తోక దాకా వాడటం మర్యాద అన్నది ఆయన పద్ధతి. కాల్చిన మూలుగ ఎముకలు, పక్కన పార్స్‌లీ ఆకు, బ్రెడ్డు అక్కడి పేరున్న వంటకం. తలకాయ కూర, బోటీ, పాయా తిని పెరిగినవాళ్లకి ఆ పళ్లెం ముందు కూర్చుంటే ఇంటికొచ్చినట్టు ఉంటుంది.

2005లో ఫ్రాన్స్ అధ్యక్షుడు జాక్ షిరాక్ బ్రిటిష్ వంటని చులకన చేసిన మాటలు పత్రికల్లో వచ్చాయి. అదే ఏడాది బ్రే అనే చిన్న ఊళ్లోని ది ఫ్యాట్ డక్, ప్రపంచంలోనే ఉత్తమ రెస్టారెంట్‌గా ఒక బ్రిటిష్ పత్రిక జాబితాలో మొదటి స్థానంలో నిలిచింది.

ఇక్కడి ఇండియన్ రెస్టారెంట్లలో తినొచ్చా? చికెన్ టిక్కా మసాలా బ్రిటిష్ వంటకమేనా?

2001లో విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ ఒక ప్రసంగంలో దాన్ని బ్రిటన్ జాతీయ వంటకం అన్నాడు. నేను ఒప్పుకుంటాను. ఎందుకంటే ఈ కథ చాలా పాతది. 1747 నాటికే ఒక ఇంగ్లిష్ వంటల పుస్తకంలో కర్రీ ఉంది. 1810లో పాట్నా నుంచి వచ్చిన దీన్ మహమ్మద్ లండన్‌లో హిందుస్తానీ కాఫీ హౌస్ తెరిచాడు. 1926లో రీజెంట్ స్ట్రీట్‌లో వీరాస్వామి అనే రెస్టారెంట్ వచ్చింది. తర్వాత ఊరూరా వెలసిన కర్రీ హౌస్‌లలో ఎక్కువ భాగం నడిపింది బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతం వాళ్లు.

అక్కడికి మన ఇంటి రుచి వెతుక్కుంటూ వెళ్లకండి. ఉల్లిపాయలతో ఒక పెద్ద గ్రేవీ ముందే వండి ఉంచి, దాన్నే రకరకాల కూరలుగా మార్చే పద్ధతి వాళ్లది. మెనూలో ‘మద్రాస్’ అంటే కారం ఎక్కువని అర్థం, చెన్నైకి సంబంధం లేదు. ‘విందాలూ’ అంటే ఇంకా ఎక్కువ. చలిలో రాత్రి పదింటిదాకా ఊరందరికీ వేడి అన్నం పెట్టి, ఎన్నో అవమానాలు ఓర్చుకుని నిలబడ్డ మనుషుల వంట అది. దాన్ని నకిలీ అని తీసిపారేసే మనవాళ్లని చూస్తే నాకు కష్టంగా ఉంటుంది.

మన రుచే కావాలంటే లండన్‌లో ఈస్ట్ హామ్, టూటింగ్ వైపు దోశలు, బిర్యానీ దొరికే చోట్లు చాలానే ఉన్నాయి.

శాకాహారులం, లేదా బీఫ్ తినం. ఎలా?

ఆందోళన అక్కర్లేదు, జాగ్రత్త కావాలి. శాకాహార సంఘం 1847లోనే మొదలైన దేశం ఇది. పాలు, గుడ్లు కూడా ముట్టనివాళ్లని పిలిచే ‘వీగన్’ అనే మాట 1944లో పుట్టింది కూడా ఇక్కడే. 1888లో లా చదవడానికి వచ్చిన గాంధీగారు అమ్మకిచ్చిన మాట కోసం రోజుల తరబడి అర్ధాకలితో తిరిగి, చివరికి ఫారింగ్‌డన్ స్ట్రీట్‌లో శాకాహార హోటల్ కనిపించినప్పుడు కడుపు నిండా తిన్నారు. ఇప్పుడు ఏ చిన్న ఊరి పబ్‌లోనైనా ఒకటి రెండు రకాలు ఉంటాయి.

కానీ కంటికి కనిపించని చోట్లు ఇవి:

- చిప్స్. యార్క్‌షైర్‌లో చాలా కొట్లలో బీఫ్ కొవ్వులో వేయిస్తారు. బంగాళాదుంపే కదా అని తినేయకండి. నూనెలో వేయించారా, బీఫ్ డ్రిప్పింగ్‌లోనా అని అడగండి.
- గ్రేవీ, యార్క్‌షైర్ పుడ్డింగ్. మాంసం రసం, కొవ్వు ఉండొచ్చు. పుడ్డింగ్‌లో గుడ్డు తప్పకుండా ఉంటుంది.
- పాతకాలం ఆవిరి పుడ్డింగులు. వీటిలో స్యూయెట్ వేస్తారు, అంటే పశువు మూత్రపిండాల చుట్టూ ఉండే కొవ్వు. శాకాహార స్యూయెట్ కూడా వాడతారు కాబట్టి అడగాలి.
- జెల్లీ మిఠాయిలు. జెలటిన్ పందిదో, పశువుదో అయ్యుంటుంది.
- వూస్టర్ సాస్. అందులో చేప ఉంటుంది.
- పాత పద్ధతి చీజ్‌లు. పాలు విరగ్గొట్టడానికి దూడ పొట్టలోంచి తీసిన రెనెట్ వాడతారు. లేబుల్ మీద శాకాహార గుర్తు చూసుకోండి.

హోటళ్లు 14 రకాల అలర్జీ పదార్థాల వివరాలు ఇవ్వాలని చట్టం ఉంది. పాలు, గుడ్లు, చేప, ఆవాలు అందులో ఉన్నాయి. బీఫ్, పంది ఆ జాబితాలో లేవు. అందుకే కార్డు చదివి ఊరుకోకుండా నోరు తెరిచి అడగాలి. మొహమాటం వద్దు. అడిగితే ఇక్కడ ఎవరూ తప్పుగా అనుకోరు.

మంచి చోటు అని ఎలా గుర్తుపట్టాలి?

మెనూ పొట్టిగా ఉంటే ముందుకెళ్లండి. నలభై రకాల వంటలున్న పబ్‌లో ఎక్కువభాగం ఫ్రీజర్ నుంచి వస్తుంది. తలుపు మీద 0 నుంచి 5 దాకా పరిశుభ్రత రేటింగ్ స్టిక్కర్ చూడండి. వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లో అది అంటించడం తప్పనిసరి. ఇంగ్లండ్‌లో కాదు, కాబట్టి కనిపించకపోతే ఆన్‌లైన్‌లో వెతకండి. అది వంటగది శుభ్రతకే మార్కు, రుచికి కాదు.

నేను దెబ్బతిన్నది ఒక సముద్రతీరం ఊళ్లో. అమ్మానాన్న మొదటిసారి వచ్చారు, వాళ్లకి సండే రోస్ట్ తినిపించాలని ఎంతో ఆశగా తీసుకెళ్లాను. సముద్రం కనిపించే పబ్, పెద్ద బోర్డు. వచ్చిన కోడి పీచు పీచుగా ఉంది, బంగాళాదుంపలు మధ్యలో చల్లగా ఉన్నాయి, గ్రేవీ పైన తెట్టు కట్టింది. నాన్న ఏమీ అనకుండా బ్రెడ్ తిని లేచారు. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తే. తర్వాత వారం మా పక్కింటి పెద్దావిడ సంగతి విని, వాళ్లిద్దర్నీ ఇంటికి పిలిచి తన చేత్తో కోడి కాల్చి పెట్టింది. అమ్మ రెండోసారి వడ్డించుకుంది. సముద్రం కనిపించే చోట డబ్బు ఆ దృశ్యానికే పోతుందని అప్పుడు తెలుసుకున్నాను.

ఎందుకంత ఖరీదు? టిప్ ఇవ్వాలా?

కూర్చుని తినే భోజనం మీద 20 శాతం వ్యాట్ ఉంటుంది, మెనూ ధరలోనే కలిసి ఉంటుంది. లండన్‌లో బిల్లులో 12.5 శాతం సర్వీస్ ఛార్జ్ వేయడం మామూలు. అది ఐచ్ఛికం అని రాసి ఉంటే తీసేయమని అడగొచ్చు. 2024 అక్టోబర్ 1 నుంచి ఆ డబ్బంతా పనివాళ్లకే చేరాలని చట్టం వచ్చింది, అందుకే సేవ బాగుంటే నేను ఉంచేస్తాను. మద్యం లైసెన్సు ఉన్న చోట కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలి. బాటిల్ కొనక్కర్లేదు.

మన వంటకి ఇక్కడి సరుకు ఏదైనా పనికొస్తుందా?

జనవరి నుంచి మార్చి వరకు మా పక్కనే వేక్‌ఫీల్డ్ చుట్టుపక్కల చీకటి షెడ్లలో రూబార్బ్ పండిస్తారు. వెలుగు తగిలితే కాడ ముదురుతుందని కొవ్వొత్తి వెలుగులో కోస్తారు. గులాబీ రంగు కాడ, గోంగూరకి దగ్గరి పులుపు. ఇక్కడివాళ్లు పంచదార వేసి, పైన వెన్న కలిపిన పిండి పొడి చల్లి ఓవెన్‌లో కాల్చే క్రంబుల్ అనే తీపి చేసుకుంటారు. మేం పప్పులో వేస్తాం. కందిపప్పు విడిగా ఉడకబెట్టండి. తాలింపులో వెల్లుల్లి, ఎండుమిరపకాయలు, ఇంగువ వేసి, తరిగిన కాడలు అందులోనే మగ్గనివ్వండి. ఐదు నిమిషాల్లో కరిగిపోతాయి. తర్వాత పప్పు కలిపి ఉప్పు, పసుపు వేసి ఒక్క పొంగు రానిస్తే చాలు. రెండు కాడలతో మొదలుపెట్టి పులుపు చూసుకుని పెంచండి. ఆకులు మాత్రం విషం, కోసి పారేయాలి.